ఫిజిక్స్ ఉద్యోగం, ఎల్‌కేజీ పాప, ఫుల్ మారథాన్: మూడిట్లో ఏది వదలాలి?

గచ్చిబౌలి_గురుత్వం
సూటిగా విషయానికొస్తా. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, ప్రొబేషన్ ఇంకా అవలేదు. మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం, ప్రమోషన్‌తో పాటు ఒంగోలు ట్రాన్స్‌ఫర్ కూడా వచ్చింది. శనివారం సాయంత్రం బయల్దేరితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు సెలవు కాబట్టి ఆ వారాల్లో మాత్రం శుక్రవారం రాత్రే వచ్చేస్తుంది. పాప ఎల్‌కేజీ. అత్తగారు మొన్నటిదాకా మాతోనే ఉన్నారు, మామగారికి ఒంట్లో బాగోలేక ఊరెళ్ళారు. దాంతో వారమంతా లేపడం, స్నానం, డబ్బా, జడలు, స్కూల్ వ్యాను, జ్వరాలు అన్నీ నావే.

నాకున్న వ్యసనం ఒక్కటే, పరుగు. పీహెచ్‌డీ రోజుల నుంచీ ఉంది. హాఫ్ మారథాన్‌లు (21 కిలోమీటర్లు) చేశాను, ఈసారి ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ ఫుల్‌కి (42 కిలోమీటర్లు) పేరిచ్చాను. ఫుల్ అంటే వారానికో లాంగ్ రన్, అంటే గంటల తరబడి సాగే పొడవాటి పరుగు, తప్పదు. నేను బయటికి వెళ్ళగలిగేది ఆదివారం తెల్లవారుజామునే, ఎందుకంటే ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉండేది అప్పుడే. ఆ ఒక్క రోజు కోసం అంత దూరం నుంచి వచ్చిన మనిషి నిద్రలేచేసరికి నేనుండను. ఆవిడ ఏమీ అనలేదు. "మేమిద్దరం టిఫిన్ తినేశాం, నీది హాట్‌బాక్స్‌లో ఉంది" అంది. అంతే, కానీ ఆ మాటలో చాలా ఉంది.

ఇంకోపక్క డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ నలుగురి ముందు "పరిగెత్తడానికి టైముంటుంది గానీ పేపర్ రివిజన్‌కి ఉండదా" అన్నారు. జర్నల్ రెఫరీలు (పేపర్ పరిశీలించేవాళ్ళు) అడిగిన మార్పులు చేసి పంపాలి, ఆ రివిజన్ పెండింగ్‌లో ఉన్నమాట నిజమే. పాప పడుకున్నాక తొమ్మిదిన్నరకి లాప్‌టాప్ తెరిస్తే పదిన్నరకి కళ్ళు మూతలు పడుతున్నాయి.

టైమ్ మేనేజ్‌మెంట్ పాఠాలు వద్దు, యాప్‌లు అసలే వద్దు. ఇలాంటి పరిస్థితి దాటినవాళ్ళు ఏం వదిలేశారో చెప్పండి చాలు.

నిద్రలేని_నాన్న
నిద్ర. నెక్స్ట్ క్వశ్చన్.

కొండాపూర్_పేస్
పై పోస్టు జోక్ అనే అనుకుంటున్నా. నిద్ర తగ్గించి కిలోమీటర్లు పెంచితే ముందు పిక్కో మోకాలో పట్టేస్తుంది, తర్వాత నెల రోజులు కుంటుకుంటూ పిల్లని ఎత్తుకోవాలి. మా గ్రూపులో ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను.

గురుత్వం గారూ, ఒక్కటి చెప్పండి. ఈ ఏడాదే ఫుల్ ఎందుకు? హైదరాబాద్ ఫుల్ అంటే నెక్లెస్ రోడ్ దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియం దాకా, మధ్యలో ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్. చదునైన చోట ఫుల్ చేసినవాళ్ళే ఇక్కడ నడుస్తూ కనబడతారు. మొదటి ఫుల్‌కి ఇదే కావాలా?

గచ్చిబౌలి_గురుత్వం
ఎందుకంటే స్టేడియం మా ఇంటికి దగ్గర. ఫినిష్ లైన్ దగ్గర పాప ఉంటుందని. ఇంతకంటే గొప్ప కారణం లేదు.

నిద్రలేని_నాన్న
దీనికి మాత్రం నేను ఎదురు చెప్పలేను.

హీలియం_హైమ
మీరు థియరీనా, ఎక్స్‌పరిమెంటా? అది చెప్పకుండా సలహా అడిగితే ఎలా.

గచ్చిబౌలి_గురుత్వం
థియరీ మేడమ్. కండెన్స్‌డ్ మ్యాటర్ (ఘన, ద్రవ పదార్థాల ఫిజిక్స్), ఎక్కువగా న్యూమరికల్. క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్లు) మీద జాబ్స్ వేసి పడుకుంటాను, అవి రాత్రి రెండింటికి క్రాష్ అయి పడుకుంటాయి.

హీలియం_హైమ
అయితే అదృష్టవంతులే. నాది లో టెంపరేచర్ ల్యాబ్. డ్యూవర్‌లో (థర్మాస్ లాంటి పాత్రలో) లిక్విడ్ హీలియం నింపుకున్నాక అది ఆవిరైపోయేలోపు కొలతలు పూర్తి కావాలి. దానికి ఆదివారం తెలీదు, పిల్లాడి జ్వరం తెలీదు. ఇండోర్‌లో ఇండస్-2 (ఎక్స్-రే కాంతినిచ్చే సింక్రోట్రాన్ యంత్రం) మీద బీమ్‌టైమ్ (దాన్ని వాడుకునే సమయం) వచ్చిందంటే ఇక ఇల్లు మర్చిపోవడమే, వాళ్ళిచ్చిన షిఫ్టుల్లో కొలుచుకుంటే కొలుచుకున్నట్టు, లేదంటే మళ్ళీ అప్లికేషన్. మీ లెక్కలు కనీసం బుర్రలో పెట్టుకుని పరిగెత్తొచ్చు.

అసలు విషయానికొస్తే, మీ పోస్టు చదివి నాకు కొంచెం ఒళ్ళు మండింది, మీ మీద కాదు. నేను మావాణ్ణి ఆదివారం ల్యాబ్‌కి తీసుకెళ్తే "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగేవాళ్ళు. అదే కారిడార్‌లో ఒక మగ కొలీగ్ తన కూతుర్ని తీసుకొస్తే అందరూ చాక్లెట్లు ఇచ్చి "వాట్ ఎ డాడ్" అన్నారు. మీరు చేస్తున్న పని నాలాంటివాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నదే, పైన మారథాన్ లేదంతే. ఎందుకు లేదో ఒకసారి ఆలోచించండి.

స్పిన్_హాఫ్
వచ్చేసింది, ఆడ మగ టాపిక్. ఆయన అడిగింది ఒకటి, నడిచేది ఇంకోటి.

హీలియం_హైమ
ఆయన అడిగింది "ఏది వదలాలి" అని. మాకు ఆ ప్రశ్న అడిగే ఛాన్సే రాలేదని చెప్తున్నా. టాపిక్‌లోనే ఉన్నాను.

గ్యోటింగెన్_గోంగూర
హైమ గారితో సగం ఏకీభవిస్తా. ఇక్కడ జర్మనీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. ఇక్కడ ఎల్టర్న్‌ట్సైట్ అని పిల్లల పెంపకం సెలవు ఉంది, తల్లికైనా తండ్రికైనా ఒక్కో బిడ్డకి మూడేళ్ళ దాకా తీసుకోవచ్చు. జీతం రాదు గానీ ప్రభుత్వం కొన్ని నెలలు డబ్బిస్తుంది, మామూలుగా నెలకి గరిష్ఠంగా 1800 యూరోలు. తల్లీతండ్రీ ఇద్దరూ తీసుకుంటే రెండు నెలలు అదనం, కాబట్టి ఇక్కడ మగవాళ్ళు చాలామంది సరిగ్గా ఆ రెండు నెలలు తీసుకుని ఊళ్ళు తిరిగొస్తారు (నేను కూడా, దాచడమెందుకు).

ఇక అకడమిక్ వాళ్ళకి ఇంకో రూల్. పర్మనెంట్ కాకుండా టెంపరరీ కాంట్రాక్టుల మీద పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు మాత్రమే పనిచేయనిస్తారు. పిల్లలుంటే ఒక్కొక్కరికి రెండేళ్ళు పెంచుకోవచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రెండేళ్ళు గడువు మాత్రమే, ఉద్యోగం కాదు. కాంట్రాక్టు ఇచ్చేవాడు ఉంటేనే దాని వల్ల ఉపయోగం. పైగా ప్రాజెక్టు డబ్బుతో నడిచే కాంట్రాక్టు అయితే, సెలవు పెట్టినన్నాళ్ళూ అది పొడిగించబడదు, అక్కడ ప్రాజెక్టు అయిపోతే మన పనీ అయిపోతుంది. నాది అలాంటిదే.

హన్మకొండ_అప్లైడ్_ఫిజిక్స్
మీరందరూ యూనివర్సిటీలు, జర్మనీలు మాట్లాడుతుంటే చదవడానికి బాగుంది. ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీ నాది. యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు. మా టైమ్‌టేబుల్ మాత్రం ఆ రూల్ రాసినవాళ్ళకి చూపించకూడదు. ఏడింటికి కాలేజీ బస్సు, సాయంత్రం నాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్ళు, ఎండాకాలం వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్ళ వెంబడి తిరగడం. మా దగ్గర ఫిజిక్స్ వాళ్ళు ఫస్టియర్‌కి తప్ప ఎవరికీ గుర్తుండరు. బాబు మూడో క్లాసు. నేను పరిగెత్తేది బస్సు కోసం మాత్రమే.

నిద్రలేని_నాన్న
అది ఇంటర్వల్ ట్రైనింగ్ కిందకి వస్తుంది సార్.

గచ్చిబౌలి_గురుత్వం
హైమ గారూ, మీరన్నది నాకూ అనుభవమే. స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ "డియర్ మమ్మీస్" అనే మెసేజ్ వస్తుంది. ఫ్యాన్సీ డ్రెస్ రోజు పాపని రెడీ చేసి తీసుకెళ్తే అక్కడి అమ్మలందరూ మెచ్చుకున్నారు, వాళ్ళంతా అదే పని చేసి వచ్చారు కదా, వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. కానీ డిపార్ట్‌మెంట్‌లో మాత్రం ఆ మెప్పు ఏమీ లేదండీ. నాలుగింటి మీటింగ్ నుంచి "వ్యాన్ టైమైంది" అని లేస్తే ముఖాలు చూసుకుంటారు. ఆడవాళ్ళు లేస్తే సర్దుకుంటారు, మగవాడు లేస్తే సాకు అనుకుంటారు.

హీలియం_హైమ
సర్దుకుంటారా? ఎవరు చెప్పారు? ఇంకోసారి కమిటీలోకి తీసుకోరు, అంతే. అది సర్దుకోవడంలా కనిపిస్తుంది మీకు.

చట్టపరంగా మీకున్న ఇబ్బంది మాత్రం ఒప్పుకుంటా. కేంద్ర ప్రభుత్వ రూల్స్‌లో పితృత్వ సెలవు 15 రోజులు, అదీ బిడ్డ పుట్టిన ఆర్నెల్లలోపు. చైల్డ్ కేర్ లీవ్ 730 రోజులు ఆడవాళ్ళకి ఉంది, మగవాళ్ళలో ఒంటరి తండ్రులకి మాత్రమే. భార్య ఒంగోల్లో ఉన్నా మీరు కాగితం మీద ఒంటరి కాదు. మీ కేసుకి ఆ రూల్‌లో గడి లేదు.

టెన్యూర్_టెన్షన్
అమెరికా నుంచి. ఇక్కడ బిడ్డ పుడితే టెన్యూర్ (పర్మనెంట్ ఉద్యోగం) గడియారం, అంటే దాన్ని సంపాదించడానికి ఇచ్చిన గడువు, ఏడాది ఆపుతారు, చాలా యూనివర్సిటీల్లో తల్లికీ తండ్రికీ ఇద్దరికీ. నేనూ వాడుకున్నా. మా ఆవిడ కూడా అకడమిక్సే, తనూ వాడుకుంది. ఏడాది అయ్యేసరికి నాకు అదనంగా ఒక పేపర్ వచ్చింది, తనకి రాలేదు. ఎందుకు అని ఇంట్లో చర్చ పెట్టకపోవడం మంచిదని నా సలహా.

హీలియం_హైమ
మీ ఒక్క ఇంట్లోనే జరిగింది కాదు, దాని మీద స్టడీయే ఉంది. 2018లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. అక్కడి పెద్ద ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లలో ఈ గడియారం ఆపే పద్ధతి ఇద్దరికీ సమానంగా ఇచ్చాక మగవాళ్ళకి టెన్యూర్ వచ్చే అవకాశం పెరిగింది, ఆడవాళ్ళకి తగ్గింది. ఫిజిక్స్ వాళ్ళు వేరే మట్టితో చేసినవాళ్ళేమీ కాదు.

యూరప్‌లో ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) గ్రాంట్లకి ఇది కొంత తెలివిగా పెట్టారు. తల్లికి ఒక్కో బిడ్డకి 18 నెలలు అర్హత గడువు పొడిగింపు, తండ్రికి నిజంగా ఎన్ని నెలలు సెలవు పెట్టాడో కాగితం చూపిస్తే అన్ని నెలలు.

గ్యోటింగెన్_గోంగూర
అది నిజం. నా రెండు నెలలకి రెండు నెలలే.

స్పిన్_హాఫ్
కొంచెం మూడ్ మారుద్దాం. బోస్ ఐన్‌స్టైన్ కండెన్సేట్‌కి (అతిశీతలంలో పరమాణువులన్నీ ఒక్కటిగా మెలిగే స్థితి) నోబెల్ తెచ్చుకున్న వోల్ఫ్‌గాంగ్ కెటర్లీ 2014లో బోస్టన్ మారథాన్ 2 గంటల 44 నిమిషాల్లో పూర్తిచేశారు, అప్పటికాయన వయసు 56. ఫిజిక్స్‌కీ పరుగుకీ పొత్తు కుదరదని ఎవరన్నారు?

టెన్యూర్_టెన్షన్
నోబెల్ 2001లో, ఈ పరుగు 2014లో. వరుస గమనించండి.

స్పిన్_హాఫ్
సరే, కంప్యూటర్ సైన్స్‌కి పునాది వేసిన ఆలన్ ట్యూరింగ్. 1947లో మారథాన్ 2 గంటల 46 నిమిషాలు. ఆయన పని అప్పుడు మంచి ఊపులో ఉంది.

రన్నర్_గారి_భార్య
ట్యూరింగ్‌కి పిల్లలు లేరు. డబ్బా కట్టే పని లేని మగవాళ్ళ ఉదాహరణలు తీసుకురాకండి ప్లీజ్.

ఈ ఫోరంలో ఎప్పుడూ రాయను, చదివి ఊరుకుంటా. ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోయాను. మా ఆయన నాలుగు ఫుల్స్ చేశారు. గురుత్వం గారు నాలుగు గంటలు బయట ఉంటున్నానని బాధపడుతున్నారు. నిజం చెప్పనా, ఆ నాలుగు గంటలు మాకు పెద్ద లెక్క కాదు, మేం ఎలాగూ పడుకునే ఉంటాం. అసలు సమస్య ఆయన తిరిగొచ్చాక మొదలవుతుంది. ముప్ఫై కిలోమీటర్లు చేసొచ్చి, నీళ్ళు తాగి, నాలుగు ఇడ్లీలు ఎక్కువ తిని, సోఫాలో పడతారు. పిల్లలు మీద ఎక్కితే "కాళ్ళు, కాళ్ళు" అని అరుస్తారు. సాయంత్రం బయటికెళ్దామంటే "మెట్లెక్కలేను" అంటారు. అంటే పోయింది నాలుగు గంటలు కాదు, ఆదివారం మొత్తం. ముందు రోజు సంగతి చెప్పనే లేదు. శనివారం రాత్రి తొమ్మిదింటికే లైట్లు ఆర్పేయాలి, కారం వద్దు, పెళ్ళి రిసెప్షన్ వద్దు.

మీ ఆవిడ హాట్‌బాక్స్ మాటకి అర్థం టిఫిన్ గురించి అనుకుంటున్నారేమో. మధ్యాహ్నం మీరేం చేస్తున్నారో ఓసారి చూసుకోండి.

నిద్రలేని_నాన్న
ఈ పోస్టు మా ఇంట్లో ఎవరూ చదవకూడదని దేవుడికి మొక్కుకుంటున్నా.

గచ్చిబౌలి_గురుత్వం
సోఫా వరకు నిజం. ఇంకేం చెప్పను.

కొండాపూర్_పేస్
ఈమె చెప్పింది ఏ కోచ్ కూడా చెప్పడు. దీనికి ట్రైనింగ్ వైపు నుంచి జవాబు ఉంది. లాంగ్ రన్ తర్వాత రోజంతా పడిపోతున్నారంటే అది దాదాపు ఎప్పుడూ వేగం వల్లే. మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం దాటకూడదు, మనవాళ్ళు వాచీ చూసుకుని ప్రతి ఆదివారం రేసు చేస్తారు. రెండోది తిండి. దారిలో ఏమీ తినకుండా మూడు గంటలు పరిగెత్తి, ఇంటికొచ్చి కూలబడితే తప్పు కాళ్ళది కాదు.

ఆర్కే_బీచ్_తేమ
మూడోది వేడి. వైజాగ్ నుంచి రాస్తున్నా, ఈ సబ్జెక్టులో మాకు పీజీ ఉంది. 65 కిలోల మనిషి గంటకి 10 కిలోమీటర్లు పరిగెడితే దాదాపు 650 కిలోకేలరీలు ఖర్చు. కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కిలోకేలరీ అని మోటు లెక్క. అందులో నాలుగో వంతు కూడా కదలికకి పోదు, సుమారు 500 వేడిగా మిగిలిపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 దాకా పట్టుకుపోతుంది. అంటే గంటకి లీటరు లోపు చెమట సరిపోవాలి. కానీ అది ఆవిరైన చెమట లెక్క. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు, కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, బనీనుని తడుపుతుంది. భీమిలి రోడ్డు మీద మాకు రెండు లీటర్లు కారినా ఒళ్ళు కాలుతూనే ఉంటుంది.

జులై, ఆగస్టుల్లో హైదరాబాద్ కూడా తక్కువేం కాదు. కాబట్టి లాంగ్ రన్‌ని తొమ్మిదింటికో సాయంత్రానికో జరుపుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తెల్లవారుజామే దిక్కు.

గచ్చిబౌలి_గురుత్వం
నా సమస్య అక్కడే. నాలుగున్నరకి కాకపోతే లేదు. ఆ టైముకి ఇంట్లో ఇంకొకరుండాలి.

టవర్_బీ_రన్నర్
నేను చేసేది చెప్తా, తిట్టకండి. బాబు పడుకుని ఉండగా పాత ఫోన్ ఒకటి వాడి పక్కన వీడియో కాల్‌లో పెట్టి, ఇంకోటి నా దగ్గర పెట్టుకుని, మా గేటెడ్ కమ్యూనిటీ లోపలే రౌండ్లు కొడతా. ఎక్కడున్నా రెండు నిమిషాల్లో ఫ్లాట్‌లో ఉంటా. జీపీఎస్ మాత్రం టవర్ల మధ్య పిచ్చిపిచ్చిగా చూపిస్తుంది, సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కదా.

హీలియం_హైమ
తలుపు బయట తాళమా?

టవర్_బీ_రన్నర్
ఆటో లాక్. లోపల్నుంచి తియ్యొచ్చు.

హీలియం_హైమ
అంటే వాడు లేచి తలుపు తీసుకుని లిఫ్ట్ దాకా రాగలడు. బాల్కనీ ఉందా? కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది, కాల్ కట్ అవుతుంది, జెనరేటర్ అందుకునేలోపు మీరు లిఫ్ట్‌లో ఉంటే?

ఆర్కే_బీచ్_తేమ
మా నాన్న పాలకి వెళ్తూ మమ్మల్ని పడుకోబెట్టి గొళ్ళెం పెట్టి వెళ్ళేవాడు. ఏమీ కాలేదు. మరీ అంత భయమెందుకు.

రన్నర్_గారి_భార్య
పక్కింటివాళ్ళు ఉండేవాళ్ళు కదా అప్పుడు. మా ఫ్లోర్‌లో ఎవరుంటారో నాకే తెలీదు.

కొండాపూర్_పేస్
ట్రైనింగ్ కోసమైతే ఇది వద్దు. చెవి ఫోన్ మీద, కన్ను బాల్కనీ మీద ఉంటే అది పరుగు కాదు. పక్క ఫ్లాట్‌లో తెలిసినవాళ్ళుంటే ఆ గంట పాపని అక్కడ పడుకోబెట్టండి, బదులుగా వాళ్ళ పిల్లల్ని ఇంకో రోజు మీరు చూసుకోండి. మా గ్రూపులో రెండు కుటుంబాలు ఇలాగే చేస్తున్నాయి.

స్పిన్_హాఫ్
స్ట్రోలర్‌లో పెట్టుకుని పరిగెత్తొచ్చు కదా, విదేశాల్లో అలాగే చేస్తారు.

గ్యోటింగెన్_గోంగూర
చేస్తాం, చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, నదొడ్డున చదునైన దారి మీద. ఎల్‌కేజీ పిల్ల పదిహేను కిలోలుంటుంది. పైగా ఆ వయసు పిల్లలు కూర్చోరు, "నేను తోస్తాను, నువ్వు కూర్చో" అంటారు.

నిద్రలేని_నాన్న
హైదరాబాద్ స్పీడ్ బ్రేకర్ల మీద స్ట్రోలర్. ప్రొజెక్టైల్ మోషన్ ప్రాక్టికల్ క్లాస్.

టెన్యూర్_టెన్షన్
గురుత్వం, పాప వ్యాను ఎక్కేది ఎన్నింటికి? మొదటి క్లాసు ఎన్నింటికి?

గచ్చిబౌలి_గురుత్వం
వ్యాను 8:10. సోమ, బుధ క్లాసులు పదకొండింటికి, మిగతా రోజులు మధ్యాహ్నం ల్యాబ్.

టెన్యూర్_టెన్షన్
మరి అక్కడే ఉంది కదా టైము. వ్యాను ఎక్కించి అటునుంచటే డిపార్ట్‌మెంట్‌కి పరుగు. బట్టలు ముందు రోజే ఆఫీసులో పెట్టుకో, జిమ్‌లోనో హాస్టల్లోనో స్నానం. నేను బఫెలో చలిలో చేశా ఇది. అది లాంగ్ రన్ కాదు గానీ వారం మధ్యలో పన్నెండు, పదిహేను కిలోమీటర్లు పడతాయి. అప్పుడు వారాంతపు పరుగు మీద అంత బరువుండదు.

హన్మకొండ_అప్లైడ్_ఫిజిక్స్
ఇక్కడైతే చెమటతో గేటు దగ్గర కనిపిస్తే ప్రిన్సిపాల్ మెమో ఇస్తాడు.

గచ్చిబౌలి_గురుత్వం
మెమో రాదు గానీ ఆ సీనియర్ కళ్ళ ముందే షార్ట్స్‌లో కారిడార్ దాటాలి. అయినా ఆ టైము నాకు పరుగు కంటే పనికి ముఖ్యం. రోజు మొత్తంలో బుర్ర పనిచేసే రెండు గంటలు అవే. ఉదయం ఐదున్నరకి ఆర్కైవ్‌లో (జర్నల్ కంటే ముందే పేపర్లు పెట్టే వెబ్‌సైట్) కొత్త పేపర్ల లిస్టు వస్తుంది (చలికాలంలో ఆరున్నర), డబ్బా కడుతూ టైటిళ్ళు చూసుకుంటా. ఏదైనా మన టాపిక్ మీద పడితే గుండె గుభేలుమంటుంది, వ్యాను వెళ్ళగానే కూర్చుని చదవాలి. దాన్ని పరుగుకి ఇచ్చేస్తే ఆ సీనియర్ అన్నమాట నిజమవుతుంది.

హీలియం_హైమ
ఇదిగో, ఇప్పుడు దారిలో పడ్డారు. ఇంతసేపూ ఆదివారం గురించే మాట్లాడారు. మీ ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదకొండు ఎవరికీ ఇవ్వకండి, పరుగుకీ ఇవ్వకండి, కమిటీలకీ ఇవ్వకండి. రాత్రి తొమ్మిదిన్నరకి రెఫరీ లెక్కలు చేయడం మానేసి పడుకోండి. అలసిన బుర్రతో రాత్రి గంటసేపు చేసింది మర్నాడు తప్పని తేలితే దాన్ని సరిచేయడానికి ఇంకో గంట.

కొండాపూర్_పేస్
నాకో ఆలోచన. మొదటి పోస్టు మళ్ళీ చదివాను. రెండో, నాలుగో శనివారాలు మీ ఆవిడ ఇంట్లో ఉంటారు. అంటే ఆ వారాల్లో మీకు రెండు ఉదయాలు. ముప్ఫై దగ్గర పడే పెద్ద పరుగులన్నీ ఆ శనివారాలకే పెట్టుకోండి, మర్నాడు ఆదివారం బూట్లు బయటికి తియ్యొద్దు. మిగతా వారాల్లో ఆదివారం గంటన్నర చాలు, వాళ్ళు లేచేలోపు ఇంట్లో ఉంటారు. లాంగ్ రన్ ప్రతి వారం ఉండాలన్నది శాసనం కాదు. హాఫ్‌లు చేసిన కాళ్ళకి రెండు వారాలకోసారి సరిపోతుంది, కాకపోతే టైము ఎక్కువ కావాలి.

కాబట్టి ఈ ఆగస్టుకి ఫుల్ వద్దు. హాఫ్‌కి మార్చుకోండి. ఫుల్ జనవరిలో ముంబైలో చేయొచ్చు, పెద్దర్ రోడ్ ఎక్కుడు తప్ప మన ఫ్లైఓవర్లంత బాధ ఉండదు, వాతావరణం కూడా నయం. లేదా వచ్చే ఆగస్టు.

ఆర్కే_బీచ్_తేమ
ముంబై జనవరి నయమని ఎవరు చెప్పారు? ఎనిమిది దాటాక చూడండి ఎండ.

కొండాపూర్_పేస్
మీ వైజాగ్‌తో పోలిస్తే అన్నీ నయమే.

స్పిన్_హాఫ్
మరి ఫినిష్ లైన్ దగ్గర పాప?

రన్నర్_గారి_భార్య
హాఫ్‌కి కూడా ఫినిష్ లైన్ ఉంటుందండీ. పైగా రెండు గంటల్లో వచ్చేస్తారు, పిల్లలకి ఆకలేసేలోపు. ఫుల్ అప్పుడు మేం ఎండలో నిలబడి నిలబడి, ఆయన వచ్చేసరికి చిన్నోడు నా భుజం మీద నిద్రపోయాడు. మెడల్ ఫోటోలో వాడి వీపు కనిపిస్తుంది.

టవర్_బీ_రన్నర్
నా వీడియో కాల్ పద్ధతి మీద ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి చెప్తున్నా, మా పైఫ్లోర్ ఆంటీని అడిగాను. ఐదింటికే లేస్తారట, "పిల్లాణ్ణి పంపించు, నాకూ కాలక్షేపం" అన్నారు. ఇన్నాళ్ళూ అడగలేదెందుకని తిట్టారు కూడా.

హీలియం_హైమ
ఆంటీకి నా నమస్కారాలు.

గచ్చిబౌలి_గురుత్వం
నిన్న రాత్రి ఈ థ్రెడ్ మా ఆవిడకి పంపించా. బస్సులో చదివిందట. రన్నర్ గారి భార్య పోస్టుకి మూడు నవ్వే ఎమోజీలు, నా మొదటి పోస్టుకి ఏమీ లేదు. తర్వాత ఫోన్ చేసింది. రెండో, నాలుగో శనివారం ఉదయాలు నాకు. ఆ రోజుల్లో టిఫిన్ వండక్కర్లేదు, వచ్చేటప్పుడు నేనే తీసుకురావాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తను పడుకుంటుంది, ఇల్లు కూలినా లేపకూడదు, పాపని నేను బయటికి తీసుకెళ్ళాలి. సోఫా లేదు. "వారమంతా నువ్వు చూసుకుంటున్నావు, నాకు తెలుసు. కానీ నేను వారమంతా హోటల్ రూమ్‌లో ఉండట్లేదు, బ్రాంచి నడుపుతున్నా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకున్నాను.

ఆగస్టుకి హాఫే. ఫుల్ సంగతి తర్వాత చూద్దాం.

కొండాపూర్_పేస్
ముందు కేటగిరీ మార్చుకోవడానికి గడువు ఉందో లేదో చూసుకోండి. చాలా రేసుల్లో ఒక తేదీ దాటితే మార్చరు, డబ్బులు కూడా వెనక్కివ్వరు.

గచ్చిబౌలి_గురుత్వం
ఇప్పుడే మెయిల్ పెట్టా. ఉదయం క్యాంపస్ పరుగు మాత్రం వారానికి ఒకసారి చేద్దామనుకుంటున్నా, శుక్రవారం, ఉదయం క్లాసుల్లేని రోజు. ఆ సీనియర్ చూస్తే చూడనీ.

హన్మకొండ_అప్లైడ్_ఫిజిక్స్
నాలాంటివాడు మొదలుపెట్టాలంటే ఎక్కణ్ణుంచి? నిజంగానే అడుగుతున్నా. నలభై దాటింది, ఆదివారం ఒక్కటే ఖాళీ, భద్రకాళి చెరువు బండ్ దగ్గరే ఇల్లు.

కొండాపూర్_పేస్
ఒక్క రోజుతో పరుగు రాదు, వారంలో ఇంకో రెండు రోజులు ఇరవై నిమిషాలు ఎక్కడైనా దొరకాలి. మొదటి నెల నడక, మధ్యమధ్యలో నిమిషం పరుగు. ఒకసారి బీపీ, షుగర్ చూపించుకుని మొదలుపెట్టండి. కొత్త బూట్లు తప్ప ఇంకేమీ కొనొద్దు, వాచీ అసలే వద్దు. బాబుని కూడా తీసుకెళ్ళండి, మూడో క్లాసు పిల్లాడు మీకంటే ముందుంటాడు.

హన్మకొండ_అప్లైడ్_ఫిజిక్స్
వాడు సైకిల్ మీద వస్తాడట. సరే.

హీలియం_హైమ
గురుత్వం గారూ, రెఫరీకి జవాబు పంపాల్సిన గడువు ఎప్పుడు? ఈ థ్రెడ్‌లో మీరు రాసింది చూస్తే ఈపాటికి రెండు పాయింట్లకి జవాబు అయిపోయేది.

గచ్చిబౌలి_గురుత్వం
వచ్చే మంగళవారం. లాగౌట్ అవుతున్నా.